దూలం కొన చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ

నేను గీసిన భవనాల్లో పత్రికల్లో ఎక్కువసార్లు ఫోటోలు పడ్డది ఇప్పుడు లేదు. ఆదిలాబాద్ అడవుల్లో ఒక జలాశయం నిండినప్పుడు, మునగకుండా మిగిలిపోయిన గుట్ట మీద కట్టిన విడిది హోటల్ అది. చుట్టూ నీళ్లు, నడుమ పెంకుటిళ్లు. సంప్రదాయాన్నీ ఆధునికతనూ చక్కగా కలిపాడని నన్ను మెచ్చుకున్నారు. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఇప్పటికీ దాని గురించి అడుగుతారు. అది ఎందుకు కూలిందని మాత్రం ఎవరూ అడగరు. దానికి జవాబు నేను ఇదివరకే చెప్పి ఉండటమే కారణం. ఆ జవాబు అబద్ధం.

నాకు వచ్చిన శాలువాలు, నేను కూర్చున్న కమిటీలు ఈ రాతలో ఉండవు. ఈ వృత్తిలో అడుగుపెడుతున్నవాళ్లకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

కొలతలు

మాది జమ్మికుంట దగ్గర ఒక దొరల కుటుంబం. ఊళ్లో మా గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకునేవారు. నేను పెద్దయ్యేసరికి భూములు పోయాయి, దావాలు మిగిలాయి. మా నాన్నకు ఆ సంగతి ఒప్పుకోవడం చేతకాలేదు. నాకూ చేతకాలేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

అరవై తొమ్మిది ఉద్యమంలో హైదరాబాదులో కాలేజీలు మూతపడ్డప్పుడు నేను విద్యార్థిని. ఊరికి వచ్చి, ఏమీ తోచక, గడీని కొలిచి బొమ్మలు గీశాను. స్తంభాల మీది చిలుకలు, తలుపుల మీది పూలు, ఇంటి నడిమి వాకిలి చుట్టూ వసారా, అన్నీ అంగుళం తేడా లేకుండా గీశాను. గోడలో దూలం కొన దిగే చోట మాత్రం ఒక లోపం కనిపించింది. దూలం లావు కన్నా కన్నం పెద్దగా ఉంది. మూడు పక్కలా నాలుగేసి వేళ్ల ఖాళీ. తాపీ పనివాడి బద్ధకం అనుకున్నాను. నా బొమ్మలో ఆ ఖాళీని మూసేసి, దూలాన్ని గోడకు చక్కగా ఆనించి గీశాను.

చదువయ్యాక బొంబాయిలో ఒక పార్సీ పెద్దాయన దగ్గర పనికి చేరాను. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక దూరదేశాల దీవుల్లో విడిది హోటళ్లు కట్టడం మొదలైనప్పుడు, ఆయన అక్కడ కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు. మొదట్లో అక్కడ కాంక్రీటు పెట్టెలు కట్టేవారట. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి, లోపలి గదులు ఉడికిపోయి, వచ్చినవాళ్లు రెండో రోజే పడవ ఎక్కేవారట. అప్పుడు కొందరు ఆర్కిటెక్టులు ఆ దీవుల్లోని చేపలవాళ్ల ఇళ్లలోకి వెళ్లి చూశారు. పెంకుల కప్పు, గోడల్లేని వసారా, ఇంటి నడుమ ఆకాశం కనిపించే వాకిలి. వాటికే కరెంటూ నల్లానీళ్లూ తెచ్చి కలిపారు.

"రెండు రకాల వాళ్లు ఆ పని చేశారు," అనేవాడు మా పెద్దాయన. "ఒకరు ఆ ఇంటి రూపం తెచ్చుకున్నారు. ఇంకొకరు ఆ ఇల్లు అట్లా ఎందుకుందో అడిగి తెలుసుకున్నారు. పదేళ్ల తర్వాత వెళ్లి చూడు, ఎవరిది నిలబడిందో తెలుస్తుంది."

ఆయనకు నా గడీ బొమ్మలు చూపించాను. చాలాసేపు చూశాడు. పక్కన పెట్టిన ఫోటోలు కూడా చూశాడు. "మీ తాతలు కట్టినదానికన్నా మంచి ఇల్లు గీశావే. అదే నాకు భయంగా ఉంది," అన్నాడు. నేను దాన్ని మెప్పు అనుకుని ఇంటికి ఉత్తరం రాశాను.

నీళ్ల నడుమ గుట్ట

కరీంనగర్‌కు తిరిగొచ్చి సొంతంగా పని మొదలుపెట్టాను. సినిమా హాళ్లు, పత్తి వ్యాపారుల ఇళ్లు, ఒక కళ్యాణ మండపం. ఎనభైల మొదట్లో హైదరాబాదు హోటల్ యజమాని ఒకాయన కబురు పెట్టాడు. అందరూ సేఠ్ అనేవాళ్లు. ఆయనకు ఆ గుట్ట దొరికింది. బొంబాయి పెద్దాయన చెప్పిన దీవుల కథలు నా నోట విన్నాడు. "గట్లాంటిదే మన దగ్గర కావాలె, ఆర్కిటెక్ట్ సాబ్. గెస్టుకు పల్లెటూరు కనబడాలె గని బల్లి కనబడొద్దు," అన్నాడు.

అప్పటికి మా గడీ విప్పేశారు. దూలాలు ఒక కొట్టంలో పడి ఉన్నాయి. ఆ టేకు దూలాలను హోటల్ భోజనశాలకు వేయించాలని నేనే పట్టుబట్టాను. మా ఇల్లు పూర్తిగా పోలేదని నాకు నేను చూపించుకోవాలనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పాత టేకు దృఢంగా ఉంటుందని సేఠ్‌కు చెప్పాను.

వడ్రంగి పనికి మా ఊరి వీరాచారిని పిలిపించాను. నాకన్నా పదేళ్లు పెద్ద. మా ఇంట్లో అతణ్ని వీరిగాడనేవారు. నేను చదువుకున్నవాణ్ని కాబట్టి వీరయ్యా అనేవాణ్ని, అదే పెద్ద మర్యాద అనుకుని. అతని తాత, తండ్రి మా గడీలో కూలి లేకుండా పనిచేశారు. పుట్టి పడవల మీద దూలాలు గుట్టకు చేరిన రోజు, అతను ఒక దూలం కొనమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"గిది మా తాత చెక్కిండు దొరా. గీ గుర్తు ఆయనదే."

"సరే, కొలత చూడు," అన్నాను నేను.

నాలుగు వేళ్లు

గోడలు రాతివి, సిమెంటుతో కట్టినవి. దూలాలు ఎక్కించే రోజు వీరాచారి తాపీవాళ్లను ఆపించి నా దగ్గరికి వచ్చాడు. చేతిలో నక్షా. అతనికి అక్షరాలు రావు కాని, నక్షా నాకన్నా వేగంగా చదివేవాడు.

"దొరా, గీడ కన్నం బిర్రుగ ఉన్నది. దూలం కొనకు జర గాలి ఆడాలె. నాలుగు వేళ్లు ఇడుద్దాం."

"ఎందుకు?"

"చుట్టూత నీళ్లాయె. గోడ చెమ్మ గుంజుతది. సిమెంటుల బిగిస్తె గా చెమ్మ యాడికి పోవాలె? కర్ర లోపల్నే మురుగుతది. పైకి ఏం కనబడది."

"ఆ సందులో గబ్బిలాలు చేరతాయి. పిచ్చుకలు, బల్లులు. హోటల్ ఇది."

"లోపటి దిక్కు చెక్క పలక కొడ్త. పూలు చెక్కి కొడ్త, అందంగ ఉంటది. బయటి దిక్కు చూరు కింద ఎవ్వలకు కనబడది. మీ గడీల గట్లనే ఉండె గదా దొరా, మీరు కొలిచిండ్రు గదా."

తాపీవాళ్లు మమ్మల్ని చూస్తున్నారు. వాళ్లలో మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లున్నారు, మా ఊరివాళ్లూ ఇద్దరున్నారు. మా గడీలో ఏముందో మా వడ్రంగి నాకు వాళ్ల ముందు చెబుతున్నాడు. అతను చెప్పింది నిజం కావచ్చని నాకు ఆ క్షణంలోనే తోచింది. నా పాత బొమ్మలో మూసేసిన కన్నాలు కూడా గుర్తొచ్చాయి. ఒప్పుకోవడానికి ఒక్క మాట చాలు.

"నక్షాలో ఎట్లుందో అట్లా చెయ్యి," అన్నాను.

వీరాచారి నక్షా మడిచాడు. "మీరు జెప్తె జేస్త దొరా," అని వెళ్లిపోయాడు. దూలాల కొనలు సిమెంటులో బిగిశాయి.

ఇక్కడ ఆగి చిన్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఈ వృత్తిలో తప్పులు తెలియక చేసేవి తక్కువ. ఎవరు చెబుతున్నారో చూసి వినకపోవడం వల్ల జరిగేవే ఎక్కువ. అదే మాట బొంబాయి పెద్దాయన చెప్పి ఉంటే నేను ఆ రోజే నక్షా మార్చేవాణ్ని.

బ్లేడు

హోటల్ తెరిచారు. ఫోటోలు పడ్డాయి. ఢిల్లీ నుంచి ఒకరు వచ్చి వ్యాసం రాశారు. ఆరో వానకాలంలో, మధ్యాహ్నం భోజనాలకు ముందు, భోజనశాలలో ఒక దూలం కొన విరిగి కింద పడింది. దానితో పాటు కప్పులో సగం దిగింది. అతిథులు ఇంకా రాలేదు. వంటమనిషి ఒకామె గిన్నెలు సర్దుతోంది. ఆమె కుడికాలు దూలం కింద పడి నుజ్జయింది.

మర్నాడు నేను వెళ్లాను. విరిగిన కొనను చేత్తో తాకితే ముద్దముద్దగా ఊడి వచ్చింది. బయటికి కనిపించే దూలమంతా ఇనుములా ఉంది. గోడలోపల ఉన్న రెండడుగులు మాత్రం తడిసిన అట్టలా ఉన్నాయి. నూరేళ్లు నిలిచిన కర్ర. నేను ఆరేళ్లలో చంపాను.

సేఠ్ మనుషులు ఒక ఇంజనీరును పిలిపిస్తామన్నారు. నక్షాలు, ఒక వివరణ కావాలన్నారు. నేను కరీంనగర్ వచ్చి ఆఫీసు తలుపు వేసుకున్నాను. అప్పటికి నాకు పొలం లేదు, గడీ లేదు, ఊళ్లో ఇల్లు లేదు. ఇంటిపేరు ఒక్కటే ఉంది. అది పత్రికల్లో ఇట్లా పడకూడదు అన్నది ఒక్కటే ఆలోచన. ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి ఆలోచించానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ట్రేసింగ్ కాగితం మీద సిరా గీత చెరపాలంటే బ్లేడు అంచుతో మెల్లగా గీకాలి. అందరు డ్రాఫ్ట్స్‌మెన్లకూ తెలిసిన పనే. దూలం కొన దగ్గరి గీతలు గీకేసి, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ చూపిస్తూ కొత్తగా గీశాను. లోపలివైపు చెక్క పలక కూడా గీశాను. తర్వాత వివరణ రాశాను. 'దూలానికి గాలి ఆడేందుకు ఖాళీ వదలాలని నేను స్పష్టంగా సూచించాను. వడ్రంగి నిర్లక్ష్యంతో దాన్ని సిమెంటుతో మూయించాడు.'

అతని తెలివిని నాది చేసుకుని, నా తప్పును అతనిది చేశాను. రెండు వాక్యాల్లో.

ఇంజనీరు నక్షా చూసి తల ఊపాడు. వీరాచారిని ఎవరూ పిలిచి అడగలేదు.

నాకు దక్కిన పేరు

దీని తర్వాత జరిగింది రాయడానికి ఇంకా సిగ్గుగా ఉంది. ఆ వివరణ నలుగురి చేతుల్లో తిరిగింది. పాత ఇళ్లలో దూలం కొన చుట్టూ ఖాళీ ఎందుకు వదిలేవారో వివరించమని నన్ను కాలేజీలకు పిలిచారు. నేను వెళ్లాను. 'దూలం కూడా ఊపిరి పీల్చుకుంటుంది' అని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. మీలో కొందరు ఆ ఉపన్యాసం విని ఉంటారు, రాసుకుని ఉంటారు. ఆ మాటల్లో ఒక్కటీ నాది కాదు. వీరాచారి పేరు అక్కడ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మాట వినని పనివాడిగానే.

అతనికి పెద్ద పనులు ఆగిపోయాయి. 'దూలం పడగొట్టిన వడ్లాయన' అన్నారు. వడ్లాయన అంటే మా దగ్గర వడ్రంగి. సామిల్లులో కొన్నాళ్లు దుంగలు మోశాడని, తర్వాత మస్కట్ వెళ్లాడని విన్నాను. తలుపుల మీద చిలుకలు చెక్కే మనిషి యాభై దాటాక పరాయి దేశంలో కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పనికి పోయాడు.

కాగితం

తొంభైల చివర, గడీని కొలిచిన నా పాత బొమ్మలను ఒక విద్యార్థి చూడాలన్నాడు. తీసి చూపించాను. "సార్, మీరు ఉపన్యాసంలో చెప్పిన ఖాళీ ఇందులో లేదేం?" అన్నాడు. మామూలుగా అడిగాడు. నేను ఏదో చెప్పి పంపించాను. మూడో రోజు వీరాచారి మస్కట్ నుంచి వచ్చాడని తెలుసుకుని బయల్దేరాను.

అతని ఇంటి ముందు పందిరి కింద అతని భార్య అంజవ్వ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వీరాచారి మంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. మా కుటుంబంలో ఒకరు వస్తే లేవని మనిషిని ఆ ఊళ్లో మొదటిసారి చూశాను. నన్ను కూర్చోమనీ అనలేదు. నిలబడే చెప్పాను, జరిగిందంతా.

"ఎరుకే," అన్నాడు. "నా చేతిల ఉన్న నక్షాల ఖాళీ లేకుండె, తర్వాత ఉన్నదన్నరు. అంటే గీకినవ్. గీకిన కాడ కాగితం పల్చగయితది. ఎండకు పట్టి చూస్తె తెలుస్తది. గా ఇంజనీరు ఎండకు పట్టలే."

మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

అంజవ్వ బీడీకి దారం బిగిస్తూ నవ్వింది. "ఎవలకు చెప్తడు? దొర అబద్ధమాడిండని వడ్లాయన చెప్తె ఇనే కచేరి ఏడున్నది సారూ?"

"నేను తప్పు చేశాను. నీకు చెబుదామనే వచ్చాను," అన్నాను.

"నాకు చెప్పుడేంది? నాకు ఎరుకే అంటున్న గదా," అన్నాడు వీరాచారి. "అప్పుడు కాగితం మీద రాసినవ్. గిప్పుడు చెవిల చెప్తున్నవ్. గదెట్ల?"

కాగితం తెప్పించుకున్నాను. అక్కడే, అతను చెప్పకుండానే, నిజం రాశాను. సేఠ్‌కు ఒకటి, నేను ఉపన్యాసాలిచ్చిన కాలేజీలకు ఒకటి. ఊళ్లో బడి పంతులును పిలిచి గట్టిగా చదివించారు. చదువుతున్నంతసేపు వీరాచారి నేల చూస్తున్నాడు. అయిపోయాక అంజవ్వ అడిగింది.

"మంచిగనే ఉన్నది. గా కాలు పోయినామెకు ఎవలు చెప్పిండ్రు? ఆమె పేరేంది?"

నాకు తెలియదు. రెండు పేజీల ఉత్తరంలో దూలం కొలత ఉంది, కన్నం కొలత ఉంది, నా పశ్చాత్తాపం ఉంది. ఆమె 'వంటమనిషి' అని కూడా లేదు. 'ప్రమాదం' అని ఉంది.

వీరాచారి మంచం మీద నుంచి లేచి అంగీ వేసుకున్నాడు. "పా," అన్నాడు. "నేను గూడ వస్త. నువ్వొక్కనివే పోతె సగం దారిల మళ్లుతవ్."

జైనూర్ దాటాక

హోటల్ అప్పటికే మూతపడింది. అక్కడ పనిచేసిన ఒకాయన ఆమె ఊరు చెప్పాడు. జైనూర్‌లో బస్సు దిగి, పత్తి చేల గట్ల మీదుగా గుట్టల్లోకి నడిచాం. వీరాచారి దారంతా నాకు ముందే నడిచాడు. ఒక్కచోట మాత్రం, ఒక ఇంటి చూరు కింద ఆగి, దూలం కొన చూపించి, నా ముఖం చూసి, ముందుకు నడిచాడు.

ఆమె పేరు సోంబాయి. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కర్ర. పనివాళ్లం అనుకుందేమో, "కూసోండ్రి దాదా," అంది. కూర్చున్నాం. హోటల్ పేరు చెప్పగానే, "మళ్ల తెరుస్తుండ్రా? నిలబడి వండలేను గని కూసోని జేస్త," అంది.

లేదని చెప్పాను. ఎందుకు వచ్చానో చెప్పాను. ఈసారి కొలతలు చెప్పలేదు. దూలం నా మాట వల్ల పడిందని, వేరే మనిషి వద్దన్నాడని, ఆ మనిషి మీదికే నేను నెట్టానని చెప్పాను.

సోంబాయికి వెంటనే అర్థం కాలేదు. "కాదు గదా," అంది. "మేనేజర్ దవాఖాన్ల కాగితం చదివిండు. వడ్లాయన తప్పంట, మా జిమ్మా లేదు, పోయి ఆయన్నే అడగు అన్నడు. గా కాగితం ఎవలో పెద్ద సారు రాసిండంట."

"నేనే రాశాను."

ఆమె నన్ను చూసింది. తర్వాత తన కాలు వైపు చూసుకుంది. "పదేండ్లాయె. లేచినప్పుడల్లా గా వడ్లాయన్ని తిట్టిన. నీళ్లకు పోయినప్పుడు తిట్టిన, పొయ్యి కాడ తిట్టిన. నీ చేతులు పడిపోను అని తిట్టిన. ఆయన ఎవలో, ఏడున్నడో. అన్ని తిట్లు వాపస్ ఎట్ల తీసుకోవాలె?"

వీరాచారి తన భుజం తడుముకున్నాడు. "అందుకేనా అవ్వా, మస్కట్ల నా భుజాలు గట్ల గుంజినయ్?" అన్నాడు.

సోంబాయి అతన్ని తేరిపార చూసింది. ఉలి పట్టి పట్టి గట్టిపడిన ఆ వేళ్లు చూసింది. ముందు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత నవ్వింది. అతనూ నవ్వాడు. ఇద్దరూ చాలాసేపు, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నేను నేలచూపులు చూస్తూ కూర్చున్నాను. ఆ నవ్వులో నాకు చోటు లేదు, ఉండకూడదు కూడా.

నవ్వు ఆగాక ఆమె కర్ర తీసుకుని, రెండు చేతులతో బరువు ఆనించి లేచింది. అలవాటైన తిట్టుకు పెదవులు కదిలాయి. ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"నీ పేరేంది?"

చెప్పాను.

"పూర పేరు చెప్పు."

లేచి నిలబడి నా పేరు, మా ఊరి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. ఏ పేరు పోకూడదని బ్లేడు పట్టానో ఆ పేరు. మా ఇంటిపేరు పొడుగు, ఆ గుట్టల్లో ఎవరికీ అలవాటు లేనిది. సోంబాయికి మొదటిసారి నోరు తిరగలేదు. రెండోసారి వీరాచారి అందించాడు. మూడోసారి ఆమె తప్పు లేకుండా పలికింది.